పాత సీలింగ్ ఫ్యాన్: రిపేరా, కొత్త బీఎల్‌డీసీ ఫ్యానా?

మా హాల్లో ఫ్యాన్ ఈ ఎండాకాలం మొదట్లోనే మొరాయించింది, స్విచ్ వేస్తే మూలుగుతుంది గానీ తిరగదు, కర్రతో తోస్తే ఎటు తోస్తే అటే తిరుగుతుంది. అలా ఉంటే చాలావరకు కెపాసిటర్ (మోటారు తిరగడం మొదలవ్వడానికి సాయపడే చిన్న భాగం) పోయినట్టే.

ఖర్చు: 2.5 మైక్రోఫారడ్ కెపాసిటర్ వంద లోపే. బీఎల్‌డీసీ, అంటే తక్కువ కరెంటుతో నడిచే కొత్తరకం మోటారున్న ఫ్యాన్ అయితే రెండున్నర వేల పైమాటే.

కరెంటు: పాతది 75 వాట్లు, కొత్తది 30 దరిదాపుల్లో. రోజూ 12 గంటలు వేస్తే నెలకి 16 యూనిట్లు మిగులుతాయి.

శ్రమ: కెపాసిటర్ పావుగంట పని, ముందు ఎంసీబీ (కరెంటు బోర్డులో ఆ లైన్‌కుండే బ్రేకర్) ఆఫ్ చెయ్యండి, స్విచ్ ఒక్కటీ నమ్మొద్దు. కొత్తదానికి గోడమీది పాత రెగ్యులేటర్ తీసెయ్యాలి, ఇది చాలామంది మర్చిపోతారు.

రిస్క్: బీఎల్‌డీసీలో లోపలి ఎలక్ట్రానిక్ బోర్డు పోతే వీధి చివర వైండింగ్ షాపు అతను చేతులెత్తేస్తాడు, వారంటీ కాగితం దాచుకోవాల్సిందే.

మూలుగుడే అయితే కెపాసిటర్ వేసెయ్యండి. కాలిన వాసనొచ్చి వైండింగ్ (మోటారు లోపలి తీగచుట్టలు) పోయిందా, పైగా రోజంతా ఫ్యాన్ తిరిగే గదైతే కొత్తదే. ఎప్పుడో చుట్టాలొస్తే వేసే గదికి మాత్రం రివైండింగ్, అంటే ఆ తీగ మళ్ళీ చుట్టించడం చాలు.