స్నాక్స్ వంతు పద్ధతి: నల్లగొండలో ఒక ప్లేస్కూలు రివ్యూ

ఈ ప్లేస్కూల్లో పిల్లలు ఎవరి డబ్బా వాళ్లు తెచ్చుకోరు. 22 మంది పిల్లలు, రోజుకో ఇంటి వంతు. ఆ ఇంటి నుంచి పొద్దున 9:30 కల్లా అందరికీ సరిపడా ఒకటే తిండి రావాలి, 10:30కు ఆయమ్మ పంచుతుంది. వారానికి ఐదు రోజులే కాబట్టి ఒక్కో ఇంటికి ఇంచుమించు నెలకొక్కసారి పని.

పద్ధతి నిలబడిందంటే కారణం గోడకు అంటించిన జాబితా. ఏ రోజు ఏం తేవాలో స్కూలే రాసిపెట్టింది. ‘మీకు నచ్చింది తెండి’ అని వదిలేస్తే ఏమవుతుందో తెలిసిందే: ఒకరు కేకు తెస్తే మరొకరు చాక్లెట్లు తెస్తారు, ఆ తర్వాత గుడాలు (గుగ్గిళ్లు) తేవడానికి ఎవరికైనా మొహమాటమే.

సోమవారం బొబ్బర్ల గుడాలు. అర కిలో బొబ్బర్లు రాత్రి నానబెట్టి ఉడికిస్తే కిలో దాటుతాయి, 22 మందికి తలా చిన్న గంటెడు వస్తాయి. ఎక్కువమంది దెబ్బతినేది రెండు చోట్ల. బోరు నీళ్లతో పెడితే ఎన్ని విజిల్స్ వచ్చినా గింజ మెత్తబడదు. నీళ్లలోని కాల్షియం గింజ పొట్టును గట్టిగా పట్టేస్తుంది. నానబెట్టడానికీ ఉడికించడానికీ మిషన్ భగీరథ కుళాయి నీళ్లో ఫిల్టర్ నీళ్లో వాడాలి. రెండోది, పొయ్యి మీద నుంచి దించినవి దించినట్టే డబ్బాలో పోసి మూత బిగించడం. ఆవిరి నీరై కిందికి కారి, పంచేసరికి గుడాలు జిగటగా, పుల్లటి వాసనతో ఉంటాయి. నీళ్లు వంపి, పెద్ద తాంబాలంలో పరిచి ఇరవై నిమిషాలు ఆరనివ్వాలి. రాత్రే ఉడికించి బయట ఉంచొద్దు, మార్చి ఎండలకైతే అసలే వద్దు. పోపులో ఎండుమిరపకాయ, పచ్చి ఉల్లిగడ్డ మానేయండి. వేలితో నొక్కితే మెదగాలి, అదే పరీక్ష.

మంగళవారం పల్లి ముద్దలు. జాబితాలో బాగా ఆలోచించి పెట్టింది ఇదే. ఐదేళ్లలోపు పిల్లలకు గుండు పల్లీలు ఇవ్వకూడదు, గొంతులో అడ్డం పడతాయి. పాకం పట్టిన పల్లిపట్టీ కూడా అంతే ప్రమాదం. అందుకే పాకం లేని ముద్దలే తెమ్మంటారు. పావు కిలో పల్లీలు వేయించి, పొట్టు తీసి, 150 గ్రాముల బెల్లంతో మిక్సీలో ఆగి ఆగి తిప్పాలి. ఒకే ఊపున తిప్పితే నూనె వదిలి గుజ్జవుతుంది. తక్కువ తిప్పితే పలుకులు మిగులుతాయి. గుండ్రంగా కాకుండా బిళ్లల్లా ఒత్తితే పిల్లలు కొరుక్కుని తింటారు. బిళ్ల 17-18 గ్రాములు, లెక్క ఇంచుమించు కుదురుతుంది.

ఇక్కడే స్కూలు మీద మా అసలు ఫిర్యాదు. పల్లీలు పడని పిల్లల వివరాలు అడ్మిషన్ ఫారంలో రాయించుకుంటారు, కానీ ఆ కాగితం ఆఫీసు బీరువాలోనే ఉంటుంది. వడ్డించే చోట గోడ మీద ఉండాలి. అలాంటి పిల్ల ఒక్కతున్నా ఆ ఏడాది పల్లీలు జాబితాలోంచే తీసేయాలి. ఆ పిల్లకు విడిగా అరటిపండు ఇచ్చి సరిపెట్టడం చాలదు, పక్క పిల్ల చేతులకు పల్లీల పొడి అంటుకునే ఉంటుంది.

బుధవారం పండు. నల్లగొండలో ఉండి బత్తాయి పెట్టకపోతే ఎట్లా! పది కాయలు చాలు. ఒలిచి, తొనల మీది పొరా గింజలూ తీసి ఇవ్వాలి, అది ఆయమ్మకు అరగంట పని. అందుకే చాలామంది ఇళ్ల నుంచి అరటిపండ్లే వస్తాయి: తలా సగం, డజను తెస్తే ఒకటి మిగులుతుంది. ద్రాక్షలైతే నిలువునా నాలుగు ముక్కలు చేయనిదే తీసుకోరు.

గురువారం జొన్నరొట్టె మలీద. అర కిలో పిండి, 200 గ్రాముల బెల్లం, రెండు చెంచాల నెయ్యి. రొట్టె వేడి మీదే చిదమాలి. చల్లారితే పలుకులు పలుకులుగా ఉండి బెల్లం పట్టదు, పిల్లలు ఉమ్మేస్తారు. శుక్రవారం పెరుగు అటుకులు, దాని గురించి చెప్పడానికేం లేదు. గుడ్డు తినని ఇళ్లు ఉన్నాయని దాన్ని జాబితాలో పెట్టలేదు, అది న్యాయమే.

వంతు ఇల్లు చివరి నిమిషంలో చేతులెత్తేస్తే స్కూల్లో ఉన్నవి గ్లూకోజ్ బిస్కెట్లే. ఒక డబ్బా అటుకులు, కాస్త బెల్లం నిల్వ పెట్టుకోవడానికి ఏం కష్టమో అర్థం కాదు.

పొద్దున్నే డ్యూటీకి పోయేవాళ్లు బుధవారం వంతు అడిగితే ఇస్తారు. నెల చివర్లోనే చెప్పాలి, ఒకటో తారీకు కాగితం అంటించాక మార్చరు.