గోళాలూ పుల్లలూ: అణు నమూనాల కిట్‌తో రెండు నెలలు

ఇంటర్మీడియట్ బైపీసీ విద్యార్థులకు వృక్షశాస్త్రం చెప్పే నాకు ప్రతి ఏటా జీవాణువుల పాఠం దగ్గర ఒకే ఇబ్బంది ఎదురవుతుంది. హైడ్రోజన్ బంధం (ఒక నీటి అణువులోని హైడ్రోజన్‌కూ పక్క అణువులోని ఆక్సిజన్‌కూ మధ్యనుండే ఆకర్షణ వంటిది) నిర్వచనాన్ని తడుముకోకుండా అప్పజెప్పే పిల్లలే, రెండు నీటి అణువులను పక్కపక్కన గీసి ఆ బంధం ఎక్కడుందో చూపమంటే, ఒకే అణువులోని ఆక్సిజన్‌కూ హైడ్రోజన్‌కూ మధ్యనున్న గీతపై వేలు పెడతారు. బోర్డు మీద ఎన్నిసార్లు గీసినా ఈ పొరపాటు పోకపోవడంతో, ఈ ఏడాది సుమారు ఎనిమిది వందల రూపాయలు పెట్టి ఆన్‌లైన్‌లో ఒక మాలిక్యులర్ మోడల్ కిట్ తెప్పించాను.

పెట్టెలో నల్లని కార్బన్, తెల్లని హైడ్రోజన్, ఎర్రని ఆక్సిజన్, నీలి నైట్రోజన్, ఆకుపచ్చ క్లోరిన్ గోళాలు, వాటిని కలిపే పొట్టి పుల్లలు, ద్విబంధాల కోసం వంగే పొడవు పుల్లలు ఉన్నాయి. ఈ రంగులు కిట్ తయారుచేసిన వారి ఎంపిక కాదు. 1865లో లండన్‌లోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో రసాయనవేత్త ఆగస్ట్ విల్‌హెల్మ్ హాఫ్‌మన్ క్రోకే ఆట బంతులకు రంగులు వేసి అణువులను చూపినప్పటి నుంచి వస్తున్న వాడుక ఇది. అయితే ఆయన చూపిన మీథేన్ బల్లపరుపుగా ఉండేది. కార్బన్ బంధాలు చతుర్ముఖి మూలల వైపు చాచుకుని ఉంటాయన్న ఊహ 1874లో గానీ రాలేదు. ఆ విషయంలో ఈ కిట్‌కు వంక పెట్టలేము. కార్బన్ గోళానికి నాలుగు రంధ్రాలు పద్ధతిగా 109.5 డిగ్రీల ఎడంతోనే ఉన్నాయి. నీటి అణువుకు కోణమానిని పెట్టి చూస్తే పాఠ్యపుస్తకం చెప్పే 104.5 డిగ్రీలకు దగ్గరగానే వచ్చింది.

ఆకారం చేతికి దొరకడం వల్ల కలిగిన పెద్ద మేలు కార్బన్ డయాక్సైడ్ దగ్గర కనిపించింది. ఒక వైపు కొద్దిగా రుణావేశం, మరో వైపు కొద్దిగా ధనావేశం ఉన్నదాన్ని ధ్రువ అణువు అంటాం. "సార్, ఆక్సిజన్లు రెండూ ఎలక్ట్రాన్లను లాగుతున్నప్పుడు ఇది ధ్రువ అణువు ఎందుకు కాదు?" అని అడిగిన అమ్మాయి చేతికే నమూనా ఇచ్చి, ఇద్దరిని చెరో ఆక్సిజన్‌ను పట్టుకుని సమానంగా లాగమన్నాను. మధ్యలోని నల్ల గోళం ఎటూ కదలలేదు. నీటి నమూనాతో అదే పని చేయిస్తే, కోణంగా ఉన్న రెండు లాగుడులూ కలిసి ఒకే వైపుకు తేలాయి. ఆ నికర లాగుడును కొలిచే ద్విధ్రువ భ్రామకం అన్న మాటను ఆ తరువాతే బోర్డు మీద రాశాను.

ఇక అసలు లోపానికి వస్తాను. ఈ కిట్‌లో ఆకారం కనిపిస్తుంది గానీ ధ్రువణత కనిపించదు. పుల్లలన్నీ ఒకే బూడిద రంగులో ఉండటం వల్ల, రుణవిద్యుదాత్మకతలో (బంధంలోని ఎలక్ట్రాన్లను పరమాణువు తనవైపు లాగే సామర్థ్యంలో) 0.35 మాత్రమే తేడా ఉన్న కార్బన్–హైడ్రోజన్ బంధమూ, 1.24 తేడా ఉన్న ఆక్సిజన్–హైడ్రోజన్ బంధమూ పిల్లవాడి కంటికి ఒకటే. ఆరేసి కార్బన్లున్న హెక్సేన్‌నూ గ్లూకోజ్‌నూ పక్కపక్కన పెడితే, ఒకటి నీటిలో కలవకపోవడానికీ రెండోది ఇట్టే కరిగిపోవడానికీ కారణం నమూనాలో ఎక్కడా లేదు. మా ఇంట్లో అద్దానికి అంటించి ఉన్న బొట్టుబిళ్ళలు ఇక్కడ అక్కరకొచ్చాయి. పాక్షిక రుణావేశం ఉన్న గోళానికి పచ్చ బిళ్ళ, పాక్షిక ధనావేశం ఉన్నదానికి మెరూన్ బిళ్ళ అంటించమన్నాను. గ్లూకోజ్‌లోని ఐదు హైడ్రాక్సిల్ (ఆక్సిజన్–హైడ్రోజన్) సమూహాల నిండా బిళ్ళలు పడ్డాయి. హెక్సేన్ బోసిగా మిగిలింది.

దీనికన్నా నన్ను ఎక్కువ విసిగించింది ఆక్సిజన్ గోళం. దానికి రెండే రంధ్రాలున్నాయి. ఎలక్ట్రాన్లను పంచుకునే రెండు సమయోజనీయ బంధాలకు అవి చాలు, కానీ బంధాల్లో పాల్గొనని ఒంటరి ఎలక్ట్రాన్ జంటలు రెండింటికీ చోటేది? పక్క అణువులోని హైడ్రోజన్ వచ్చి ఆకర్షణకు లోనయ్యేది ఆ జంటల వద్దనే కాబట్టి, ఏ బంధాన్ని చూపడానికి కిట్ కొన్నానో సరిగ్గా ఆ బంధానికే ఇందులో ఏర్పాటు లేదు. వేడి చేసిన మేకుతో నేనే మరో రెండు రంధ్రాలు పెట్టాను; ఆ ప్రయత్నంలో ఒక గోళం చీలిపోయింది. ఆ కొత్త రంధ్రాలకు పుల్లలు కాకుండా పూలు కట్టే దారం వాడాను. హైడ్రోజన్ బంధం బలం ఆక్సిజన్–హైడ్రోజన్ సమయోజనీయ బంధం బలంలో ఇంచుమించు ఇరవయ్యో వంతే కాబట్టి, పుల్లకూ దారానికీ ఉన్న తేడా ఇక్కడ అర్థవంతంగానే కుదిరింది. నడుమ ఒక నీటి అణువును పెట్టి, చుట్టూ నాలుగింటిని దారాలతో కట్టి వేలాడదీస్తే లోపల ఖాళీ స్థలం కనిపించింది. మంచుగడ్డ నీటిపై ఎందుకు తేలుతుందో చెప్పడానికి ఆ ఖాళీని చూపితే సరిపోయింది.

సోడియం క్లోరైడ్‌ను మాత్రం ఈ కిట్‌తో చేయించకండి. రెండు గోళాల మధ్య పుల్ల గుచ్చగానే విరుద్ధ ఆవేశాల ఆకర్షణతో ఏర్పడే అయానిక బంధం కూడా ఎలక్ట్రాన్లను పంచుకునేదేనన్న భ్రమ కలుగుతుంది. నిజానికి ఉప్పు స్ఫటికంలో ఒక్కో సోడియం అయాన్ చుట్టూ ఆరు క్లోరైడ్ అయాన్లుంటాయి.

కొనదలచిన వారు వివరాల్లో నైట్రోజన్ గోళాల సంఖ్యను తప్పక చూసుకోవాలి. డీఎన్ఏ క్షార జంటలు (ఎడినిన్–థైమిన్, గ్వానిన్–సైటోసిన్) చేయవచ్చని పెట్టె మీద రాసి ఉంది గానీ నాకు వచ్చినవి ఆరు నీలి గోళాలే. ఎడినిన్‌కు ఐదు, థైమిన్‌కు రెండు కావాలి. గ్వానిన్–సైటోసిన్ జంటకైతే మొత్తం ఎనిమిది. అమ్మకందారుకు రాస్తే, విడిగా గోళాలు అమ్మబోమనీ మరో కిట్ కొనుక్కోమనీ జవాబిచ్చారు. ప్రస్తుతానికి రెండు తెల్ల గోళాలకు నీలి సిరా పూసి పని నడిపిస్తున్నాము. రంధ్రం ఒక్కటే ఉండటం వల్ల అవి ఎడినిన్ వలయంలో ఇమడక, చివరి అమైనో సమూహంలో కూడా జారిపోతున్నాయి.