బై, కొక్: ఇద్దరిలో ఎవరు మొనగాడు?

వియత్నాం యుద్ధం మాటొస్తే చాలు, నన్ను అందరూ అడిగేది ఒకటే. ఇద్దరూ అమెరికా విమానాలతో తలపడ్డ ఉత్తర వియత్నాం ఫైటర్ పైలట్లు. న్గుయెన్ వాన్ కొక్‌కు 9 హో చి మిన్ బ్యాడ్జీలు, న్గుయెన్ వాన్ బైకి 7. కూల్చిన ఒక్కో విమానానికి ఒక్కో బ్యాడ్జీ. మరి కొక్కే గొప్ప కదా అని.

లెక్క చూస్తే అంతే. ఆ యుద్ధంలో కొక్‌ను మించిన స్కోరు ఎవరికీ లేదు. అయితే అందులో పైలట్ లేని నిఘా విమానాలు కూడా ఉన్నాయి. నా వరకు తేల్చాల్సింది ఒక్కటే: ఎవరు ఎంత దగ్గరికి వెళ్లి కొట్టారు?

కొక్ నడిపింది మిగ్-21, మన వాయుసేన 2025 దాకా వాడిన రకమే. వేడిని వెంటాడే క్షిపణులు రెండు. నేల మీది రాడార్ వాళ్లు దారి చెబుతుంటే అమెరికా దండు వెనక్కి చేరి, క్షిపణి వదిలి, వాళ్లు తేరుకునేలోపు తప్పుకోవాలి. ఆయన ఖాతా 1967 ఏప్రిల్ 30న ఎఫ్-105 అనే అమెరికా దాడి విమానంతో మొదలైంది. ఇదీ తేలికేం కాదు, రెండూ గురి తప్పితే ఉత్త చేతులతో వెనక్కి రావాల్సిందే.

బై మిగ్-17కి ఆ రెండు క్షిపణులు కూడా లేవు. ఉన్నవి మూడు ఫిరంగులు: 37 మి.మీ.ది ఒకటి, 40 గుండ్లు, 23 మి.మీ.వి రెండు, ఒక్కోదానికి 80. ట్రిగ్గర్ వదలకుండా నొక్కితే పది సెకన్లు కూడా రావు. అమెరికా ఫైటర్ ఎఫ్-4 పరుగందుకుంటే ఇది అందుకోలేదు. అందుకే దాన్ని మలుపుల్లోకి లాగి, కొన్ని వందల మీటర్ల దగ్గరికి చేరి కాల్చాలి. ఆ దూరంలో పొరపాటుకు చోటుండదు. 1965 అక్టోబరులో బై విమానం పక్కనే అమెరికా వాళ్ల స్పారో క్షిపణి పేలింది. 82 చిల్లులు పడ్డ ఆ మిగ్‌ను ఆయన తిరిగి తెచ్చి రన్‌వే మీద దించారు. ఆయన ఖాతా ఇంకా తెరవనే లేదు. ఆ దెబ్బ తిన్నాక కూడా మళ్లీ అంతే దగ్గరికి వెళ్లి ఏడు కూల్చారు.

మరో వియత్నాం పైలట్ ఫామ్ తువాన్ పేరూ కొందరు తెస్తారు. 1972 డిసెంబరులో అమెరికా భారీ బాంబర్ బీ-52ను కూల్చినట్టు వియత్నాం చెబుతుంది, అమెరికా ఒప్పుకోదు. 1980లో అంతరిక్షానికి వెళ్లారు. అది వేరే కథ.

కొక్ తర్వాత కొత్త పైలట్లకు శిక్షణ ఇచ్చారు, జనరల్ స్థాయికి ఎదిగారు. వాయుసేన కట్టుకోవాలంటే నేనూ ఆయన్నే పిలుస్తాను. మొనగాడు ఎవరంటే మాత్రం బై. మెకాంగ్ డెల్టా రైతుబిడ్డ. రిటైరయ్యాక సొంతూరికే వెళ్లి, పొలం, చేపల చెరువు చూసుకుంటూ బతికారు. 2019లో కన్నుమూశారు.