క్లాస్‌డోజో: పాయింట్లతో తరగతి అదుపులో ఉంటుందా?

తరగతి క్రమశిక్షణ కోసం వచ్చిన యాప్‌లలో ఎక్కువ మంది ఉపాధ్యాయులకు తెలిసినది క్లాస్‌డోజో. 2011లో మొదలైన ఈ యాప్‌లో ప్రతి విద్యార్థికీ ఒక బుల్లి రాక్షసుడి బొమ్మ ఉంటుంది; మంచి ప్రవర్తనకు ఉపాధ్యాయులు పాయింట్లు కలుపుతారు, సరిదిద్దుకోవలసిన ప్రవర్తనకు తీసేస్తారు. ఉపాధ్యాయులకు ఇది ఉచితం, నేర్చుకోవడానికి పెద్దగా సమయం పట్టదు.

ఏ ప్రవర్తనకు ఎన్ని పాయింట్లన్నది మనమే నిర్ణయించుకోవచ్చు. నాకు ఇందులో అన్నిటికంటే విలువైనదిగా తోచింది ఈ జాబితా తయారీయే. ‘బుద్ధిగా ఉండండి’ అంటే ఎనిమిదేళ్ల పిల్లవాడికి ఏం చేయాలో తెలియదు. ‘చేయి ఎత్తి, పేరు పిలిచాక మాట్లాడు’ అంటే తెలుస్తుంది. మనం ఆశించే ప్రవర్తనను అంత స్పష్టంగా ముందే రాసుకోవలసి రావడం వల్ల, యాప్ తెరవకముందే సగం పని పూర్తవుతుంది. జట్టుకు కలిపి పాయింట్లు ఇచ్చే వీలు, తల్లిదండ్రులు తమ భాషలోకి మార్చుకుని చదువుకోగల సందేశాలు కూడా బాగున్నాయి. యాప్‌లోనే ఉన్న, తరగతి శబ్దాన్ని కొలిచే సాధనం మాత్రం అలంకారమే. తెర మీద కదలిక చూడటం కోసమే పిల్లలు మరికాస్త అరుస్తారు.

అసలు చిక్కు పాయింట్ల పట్టికను అందరికీ కనిపించేలా గోడ మీద ప్రదర్శించడంతో మొదలవుతుంది. మైనస్ పడిన చప్పుడు వినిపించగానే తలలన్నీ ఒకే బల్ల వైపు తిరుగుతాయి. మొదటి పీరియడులోనే మూడు పాయింట్లు పోగొట్టుకున్న పిల్లవాడికి, మిగతా రోజంతా బుద్ధిగా ఉండటానికి కారణమేమీ మిగలదు. పైగా వెనకబడేది దాదాపు రోజూ ఆ నలుగురైదుగురే. తప్పును సరిదిద్దవలసిన మాట ఆ పిల్లవాడికి మాత్రమే వినిపించాలన్నది పాత సూత్రమే అయినా, పెద్ద తెర చేతికి రాగానే మనం దాన్ని మరచిపోతాం.

బహుమతుల విషయంలోనూ జాగ్రత్త అవసరం. లెపర్, గ్రీన్, నిస్బెట్ అనే మనస్తత్వవేత్తలు 1973లో ప్రచురించిన ప్రయోగంలో, బొమ్మలు గీస్తే బహుమతి ఇస్తామని ముందే చెప్పిన చిన్న పిల్లలు ఆ తర్వాత తమంతట తాముగా గీయడం తగ్గించారు. ముందు చెప్పకుండా ఇచ్చిన బహుమతి అలా ఆసక్తిని చంపలేదు. కాబట్టి పిల్లలు ఇష్టంగా చదివే కథల పుస్తకానికి పాయింటు కట్టడం నష్టమే. వరుసలో నిలబడటం, సామాను సర్దడం వంటి విసుగు పనులకు ఇస్తే అభ్యంతరం లేదు.

తరగతి నిర్వహణను అధ్యయనం చేసిన మనస్తత్వవేత్త జేకబ్ కూనిన్ 1970లో వెలువరించిన పరిశీలన ఈ యాప్‌కు మరింత ఇబ్బందికరం. అల్లరి జరిగాక ఉపాధ్యాయుడు ఎలా మందలించాడన్న దాన్ని బట్టి తరగతుల మధ్య చెప్పుకోదగ్గ తేడా ఆయనకు కనబడలేదు. గది మొత్తం మీద కన్నుండటం, ఆ సంగతి పిల్లలకు తెలియడం, ఒక పని నుంచి మరో పనికి తడబాటు లేకుండా మళ్లించడం, ఇవే తేడా తెచ్చాయి. పాయింటు నొక్కడానికి ఫోను వైపు చూసిన ప్రతిసారీ ఉపాధ్యాయుడు పోగొట్టుకునేది సరిగ్గా ఆ చూపునే. అందుకే పాఠం నడుమ కాకుండా పీరియడు చివర పాయింట్లు వేయడం మేలు.

ప్రాథమిక తరగతులకు, అదీ జట్టు పాయింట్ల వరకు, దీన్ని సిఫారసు చేస్తాను. పదమూడేళ్లు దాటిన వారికి రాక్షసుడి బొమ్మలు చిన్నతనంగా అనిపిస్తాయి. ఏ తరగతిలోనైనా తెర మీద ప్రదర్శన ఆపేసి, మైనస్ పాయింట్లు లేకుండా వాడాలి; లేకపోతే ఆ వివరాలు తల్లిదండ్రుల ఫోనుకు చేరి, మనం పిల్లవాడితో మాట్లాడకముందే ఇంట్లో విచారణ మొదలయ్యే ప్రమాదం ఉంది.