జర్నల్‌లో పేరు పడితే ట్రేడ్‌మార్క్ వచ్చినట్టు కాదు! పాలమూరు వాళ్లు జాగ్రత్త

జీఎస్టీ, ఫుడ్ లైసెన్స్, ట్రేడ్‌మార్క్ అన్నీ ఒకేచోట అని బోర్డు పెట్టుకున్న ఆయన గురించే రాస్తున్నా. మహబూబ్‌నగర్‌లో చిన్న వ్యాపారం చేసేవాళ్లకు ఎవరో అర్థమయ్యే ఉంటుంది, పేరు రాయను.

నాకు గానుగ ఉంది. బాదేపల్లి మార్కెట్లో పల్లీలు కొని నూనె తీసి అమ్ముతా. బ్రాండు పేరు మా నాయనమ్మది. రిజిస్టర్ చేయించడానికి 12 వేలు తీసుకున్నాడు. నాలాంటి చిన్నవాళ్లకు ఆన్‌లైన్‌లో సర్కారు ఫీజు 4,500 మాత్రమేనని తర్వాత తెలిసింది. సరే, మిగతాది ఆయన కష్టం అనుకుందాం.

పోయిన శ్రావణంలో వాట్సాప్‌లో ఒక పేజీ పంపాడు. పైన ట్రేడ్ మార్క్స్ జర్నల్ అని, కింద మా నాయనమ్మ పేరు, నా అడ్రస్. "కంగ్రాట్స్ అన్నా, అయిపోయింది" అన్నాడు. నేనేం చేశానో తెలుసా? కలర్ ప్రింట్ తీయించి, ఫ్రేమ్ కట్టించి, కొబ్బరికాయ కొట్టి గానుగ పక్కన తగిలించా. పేరు రిజిస్టర్ అయిందని చెప్పే, గుండ్రంలో ఆర్ గుర్తుతో 5,000 స్టిక్కర్లు కూడా కొట్టించా. ఎంత తెలివి!

ఆ పేజీ సర్టిఫికెట్ కాదు, చాటింపు. ఫలానావాడు ఈ పేరు అడుగుతున్నాడు, అభ్యంతరం ఉన్నవాళ్లు 4 నెలల్లోపు చెప్పండి అని. కార్తీకంలో గుజరాత్ నూనె కంపెనీ ఒకటి చెప్పింది, మా పేరును పోలిందే నీ పేరు అని. దీన్నే అపోజిషన్ అంటారు. ఆ నోటీసు అందిన 2 నెలల్లో మనం జవాబు వేయాలి. వేయకపోతే దరఖాస్తు వదిలేసుకున్నట్టే లెక్క. నాకైతే నోటీసు సంగతే తెలియదు.

మొన్న సోమవారం మా బిడ్డ ఊరికే నంబరు కొట్టి స్టేటస్ చూసింది. "నాయనా, అబాండన్డ్ అంటుంది" అంది. అంటే వదిలేసుకున్నట్టు. నేరుగా ఆఫీసుకు పోయాను. ఆయన టీ తాగుతూ లాప్‌టాప్ నా వైపు తిప్పాడు. ట్రేడ్‌మార్క్ రిజిస్ట్రీ, అంటే సర్కారు ఆఫీసు, పంపిన నోటీసు మెయిల్ అక్కడే ఉంది, తెరిచి చదివిందే. నా తరఫున ఇచ్చిన మెయిల్ ఆయనదే మరి! జర్నల్ పేజీలో నా పేరు కింద ఆయన ఆఫీసు అడ్రస్ కూడా ఉంది. ఫ్రేమ్‌లో రోజూ కనబడుతూనే ఉంది, నేనే చదవలేదు.

"చూసినవా మరి?" అన్నా.

"చూసినం అన్నా. అపోజిషన్ మన ప్యాకేజీల రాదు."

"ఒక్క ఫోన్ చేస్తే ఏం పోయింది?"

"మీకు టెన్షన్ ఎందుకని."

అదే మాట. టీ కప్పు కింద పెట్టకుండా అన్నాడు. జవాబు వేసే ఫీజు 2,700. అడిగితే అప్పు చేసైనా కట్టేవాణ్ని. నా టెన్షన్ తీర్చడానికి దరఖాస్తునే తీసేశాడు, పుణ్యాత్ముడు! పైగా "కొత్తగా వేద్దాం, ఈసారి డిస్కౌంట్ ఇస్తా" అని నవ్వాడు. కొత్తగా వేస్తే తారీఖు ఇప్పటిదే పడుతుంది. ఇంతకాలం వరసలో నిలబడ్డదంతా పోయినట్టే. ఆ గుజరాత్ కంపెనీ మళ్లీ రాదని కూడా ఏం లేదు.

ఎవరికైనా పని అప్పజెప్తే మీ మెయిల్, మీ ఫోన్ నంబర్ కూడా పెట్టించండి. దరఖాస్తు నంబరు అడిగి తీసుకోండి, ఐపీ ఇండియా అనే సర్కారు సైట్‌లో స్టేటస్ ఊరికే చూసుకోవచ్చు. జర్నల్ కూడా ప్రతి సోమవారం అందులోనే వస్తుంది, పైసా ఖర్చు లేదు. మీ పేరు లాంటిది వేరేవాడు అడిగితే 4 నెలల్లోపు మీరూ అడ్డం చెప్పొచ్చు. సర్టిఫికెట్ చేతికి రాకముందు ఆర్ గుర్తు వేయకండి, అది నేరం. టీఎం (ట్రేడ్‌మార్క్) అని వేసుకోవచ్చట.

కామెంట్లకు జవాబు లేటైతే ఏమనుకోకండి. స్టిక్కర్ల మీద ఆర్‌ను స్కెచ్ పెన్నుతో కొట్టేస్తూ కూర్చున్నా. ఇంకా నాలుగు వేలు ఉన్నాయి.