టొరెంటా, ఈమ్యూలా, రేషియో సైట్లా: శివారు వాడికి ఏది మేలు?

కోనసీమలో మాది కాలువ చివరి ఊరు. దాళ్వాలో నీరు చాలకపోతే వంతులు పెడతారు. ఆ వంతులు సరిగా నడిచాయో లేదో మా శివారు చేలు చూస్తే తెలిసిపోతుంది. ఇంటర్నెట్‌లో ఒకరి కంప్యూటర్ నుంచి ఇంకొకరు ఫైళ్లు పంచుకునే నెట్‌వర్కులనూ నేను అక్కడి నుంచే చూస్తాను. అప్‌లోడ్ స్పీడు లేనివాడికి, నిన్న మొన్న వచ్చినవాడికి ఏం దక్కుతోంది?

తీసుకున్నవాడు తిరిగి ఇవ్వాలనే నియమమే లేకపోతే ఏమవుతుందో గ్నుటెల్లా అనే పాత ఫైల్ షేరింగ్ నెట్‌వర్కులో చూశాం. 2000లో చేసిన ఒక పరిశీలనలో దాదాపు 70 శాతం మంది ఒక్క ఫైలూ పంచలేదని తేలింది.

2001లో బ్రామ్ కోహెన్ తెచ్చిన బిట్‌టొరెంట్‌ది (టొరెంట్ అంటే ఇదే) ఫైలును ముక్కలు చేసి ఇచ్చిపుచ్చుకునే పద్ధతి. మనకు బాగా పంపుతున్న కొద్దిమందికే మనమూ పంపుతాం, ప్రతి 10 సెకన్లకు ఆ లెక్క మళ్లీ చూస్తారు. ఇంతే అయితే కొత్తవాడి చేతిలో ఇవ్వడానికి ఒక్క ముక్కా ఉండదు, వాడికి గేటు ఎప్పటికీ తెరుచుకోదు. అందుకే ఒక చోటు విడిగా ఉంచి, 30 సెకన్లకోసారి ఎవరో ఒకరికి, పాత లెక్క చూడకుండా ఇస్తారు. నాకు ఇందులో బాగా నచ్చింది ఈ ఒక్క చోటే.

ఈమ్యూల్ అనే ఫైల్ షేరింగ్ ప్రోగ్రాం పాత మేలు గుర్తుపెట్టుకుంటుంది. నువ్వు నాకు ఇంతకుముందు పంపి ఉంటే నా క్యూలో త్వరగా ముందుకు వస్తావు. కానీ ఆ క్రెడిట్ నా దగ్గరే చెల్లుతుంది, పక్కవాడి దగ్గర మళ్లీ మొదటి నుంచే. క్యూ పొడవు చూస్తే ఓపిక నశిస్తుంది.

ఇక దించుకున్నంత ఎక్కించాలనే రేషియో సైట్లు. పైకి న్యాయంగానే కనిపిస్తుంది. కానీ ఒకడు ఎక్కించిన ప్రతి బైటూ ఇంకొకడు దించుకున్నదే కదా! అందరివీ కలిపితే రెండూ సమానం. కాబట్టి కొందరి రేషియో, అంటే ఎక్కించినదాన్ని దించుకున్నదానితో భాగిస్తే వచ్చేది, ఒకటి దాటితే, మిగతావాళ్లలో కొందరిది ఒకటి కంటే కిందకి పడి తీరాలి. ఫైలు వచ్చిన నిమిషంలోనే అందుకునే పెద్ద లైన్ల వాళ్లు ముందే పంపేస్తారు. మా బోటి వాళ్లు రాత్రంతా సీడ్ చేసినా, అంటే దించుకున్న ఫైలును ఇతరుల కోసం తెరిచి ఉంచినా, అడిగేవాడు ఉండడు. ఎంత పంపావని కాక ఎంతసేపు సీడ్‌లో ఉన్నావని చూసే సైట్లు వీటికన్నా చాలా నయం.

నా ఓటు బిట్‌టొరెంట్‌కే. దానికీ ఒక లోటుంది: ఫైలు పూర్తయ్యాక ఉండిపోయినవాడికి ఏ లాభమూ లేదు. అందుకే ఉబుంటు (ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్) దించుకున్నాక కూడా నా లాప్‌టాప్‌ను రెండు మూడు రాత్రులు ఆన్‌లోనే వదిలేస్తాను.