ఫెడరల్ గ్రాంట్ వస్తుందని చెప్పి కోర్సు ఫీజు కట్టించుకునే "అన్న"తో జాగ్రత్త

ఇంకా కోపం తగ్గలేదు, అందుకే రాస్తున్నాను. తగ్గితే "పోనీలే" అనుకుని ఊరుకుంటానని నాకే తెలుసు. తప్పులుంటే సర్దుకుని చదవండి.

ఎవరా అన్న అని నన్ను అడగొద్దు. పేరు పెడితే లాయర్‌తో నోటీసు ఇప్పిస్తానని ఫోన్‌లోనే అన్నాడు. అయినా డాలస్ చుట్టుపక్కల ఉన్నవాళ్లకి పేరు అక్కర్లేదు. ఉగాది ఈవెంట్‌లో స్టాల్ పెట్టి గుడ్డ సంచులు పంచే అన్న. ఆదివారం రాత్రి జూమ్‌లో ఫ్రీ డెమో ఇచ్చే అన్న. ఇండియన్ స్టోర్‌లో బిల్లింగ్ పక్కన, కరివేపాకు కట్టల దగ్గర ఫ్లయర్లు పెట్టించే అన్న. అర్థమైంది కదా.

నా సంగతి రెండు ముక్కల్లో. హెచ్4 (హెచ్1 వర్క్ వీసా మీద ఉన్న మా ఆయన వెంట వచ్చే డిపెండెంట్ వీసా), ఈఏడీ (పని చేయడానికి అనుమతి కార్డు) చేతిలో ఉంది, తెనాలిలో ఎంకామ్, ఆరేళ్ల గ్యాప్, ఇద్దరు పిల్లలు. మిగతాది మీరే పూరించుకోండి, మనలో సగం మందిది ఇదే కథ. బిజినెస్ ఎనలిస్ట్ కోర్సు, 12 వారాలు, ఫీజు 2,400 డాలర్లు. అంత కట్టలేనన్నాను. అప్పుడు తీశాడు అసలు మాట. "కట్టేది నువ్వు కాదు చెల్లెమ్మా, ఫెడరల్ గవర్నమెంటు. డబ్ల్యూ ఐ ఓ ఏ అని చట్టం ఉంది. ముందు నువ్వు కడతావు, కోర్సు అయ్యాక రసీదు పెడితే మొత్తం వెనక్కి వస్తుంది." ఫ్లయర్ మీద లేబర్ డిపార్ట్‌మెంట్ ముద్ర కూడా వేసుకున్నాడు, గుండ్రంగా, దర్జాగా. నేను గూగుల్ చేశాను కూడా. చట్టం నిజంగానే ఉంది. పని వెతుక్కునేవాళ్ల ట్రైనింగ్‌కి ఫెడరల్ డబ్బు ఇవ్వడానికి 2014 జూలైలో ఒబామా సంతకం చేసిన చట్టం. చట్టం నిజమైతే అన్న మాటా నిజమే అనుకున్నాను చూడండి, అదీ నా ఎంకామ్ తెలివి.

పైగా "తెనాలా! మా అమ్మమ్మగారిది కొల్లిపర చెల్లెమ్మా" అన్నాడు. ఇంకేం కావాలి. ఆ రాత్రే జెల్‌లో (బ్యాంకు నుంచి బ్యాంకుకి ఫోన్‌లోనే డబ్బు పంపే యాప్) పంపేశాను. (మా బ్యాచ్‌లో జగిత్యాల అమ్మాయి ఉంది. ఆమెతో వాళ్ల అమ్మమ్మది కోరుట్ల అన్నాడట. ఒక్క మనిషికి ఎన్ని ఊళ్లలో ఎంతమంది అమ్మమ్మలో.)

2,400 అంటే నాకు ఎంతో చెప్తాను. డే కేర్‌లో గంటకి 14 డాలర్లకి చేశాను. టాక్స్ కోత లెక్కలోకి తీసుకోకపోయినా 171 గంటల పైనే. 171 గంటలు ఎవరెవరి పిల్లలకో ముక్కులు తుడిచి, డయపర్లు మార్చి కూడబెట్టిన డబ్బు, ఫోన్ మీద వేలు ఒక్కసారి ఆనిస్తే పోయింది.

క్లాసుల గురించి ఏం చెప్పను. మొదటి రెండు వారాలు ఒకాయన వచ్చి చెప్పాడు, పాపం బాగానే చెప్పాడు. మూడో వారం నుంచి రికార్డింగులు. ఒక రికార్డింగ్‌లో ఎవరో "హ్యాపీ న్యూ ఇయర్, ఈ 2021 అయినా బాగుండాలి" అంటున్నారు. చివర్లో వచ్చిన సర్టిఫికెట్‌లో నా ఇంటిపేరు తప్పు. రెజ్యూమెలో ఏడేళ్ల ఎక్స్‌పీరియన్స్ పెట్టిస్తాం అన్నారు, అది మాత్రం వద్దన్నాను. ఈ మొత్తం వ్యవహారంలో నేను చేసిన తెలివైన పని అదొక్కటే. డబ్బు వెనక్కి వస్తుంది కదా అని మిగతావన్నీ మింగాను.

"రసీదు పట్టుకుని మీ కౌంటీ జాబ్ సెంటర్‌కి వెళ్లు, వాళ్లే చూసుకుంటారు" అన్నాడు. పోయిన మంగళవారం వెళ్లాను. కౌంటర్‌లో మెళ్లో కళ్లజోడు తాడు వేలాడేసుకున్న ఒక పెద్దావిడ. నేను డబ్ల్యూ, ఐ, ఓ, ఏ అని ఒక్కో అక్షరం పలికితే ఆవిడకి వెంటనే అందలేదు. తర్వాత "ఓ, వియోవా!" అంది. అక్కడ పనిచేసేవాళ్లు అక్షరాలు విడదీసి చెప్పరట. ఫెడరల్ గ్రాంట్లతోనే నా రోజు మొదలవుతుంది అని చెప్పుకునే మన అన్న నోట ఆ మాట ఒక్కసారి కూడా అలా రాలేదు. అప్పుడే నా కడుపులో తిప్పింది.

ఆవిడ రసీదు చూసింది, కంప్యూటర్‌లో ఇన్‌స్టిట్యూట్ పేరు కొట్టింది. స్పెల్లింగ్ మార్చి మళ్లీ కొట్టింది. స్క్రీన్ నా వైపు తిప్పింది. ఖాళీ.

ఓపిగ్గా చెప్పింది పాపం. ఈ డబ్బు కాంగ్రెస్ కేటాయిస్తే, లేబర్ డిపార్ట్‌మెంట్ ఫార్ములా ప్రకారం రాష్ట్రాలకి పంచుతుంది. రాష్ట్రం నుంచి లోకల్ బోర్డుకి, బోర్డు నుంచి ఇలాంటి సెంటర్‌కి. కావలసినవాళ్లు కోర్సులో చేరకముందే ఇక్కడికి రావాలి, కౌన్సెలర్‌తో కూర్చోవాలి, అర్హత తేలాలి, ఆ కోర్సుతో ఉద్యోగం దొరికే అవకాశం ఉందని వాళ్లకి నమ్మకం కుదరాలి. అప్పుడు మన పేరు మీద ట్రైనింగ్ అకౌంట్ ఒకటి పెట్టి, రాష్ట్రం ఆమోదించిన జాబితాలో ఉన్న స్కూల్‌కి నేరుగా కడతారు. స్కూల్‌కి. నా చేతికి కాదు. "అయిపోయిన కోర్సుకి రసీదు తెస్తే డబ్బు ఇవ్వడం మా దగ్గర లేదు హనీ" అంది. ఆ "హనీ" అన్న మాటకే నాకు ఏడుపొచ్చేసింది.

ఇంకో సంగతి. హెచ్4 వాళ్లని గుమ్మంలోనే పంపేస్తారని మనలో చాలామంది అనుకుంటారు. కాదట. పని చేయడానికి అనుమతి ఉన్న ఇమిగ్రెంట్లు అడగొచ్చు, ఈఏడీ చూస్తారు. కాకపోతే వరుసలో ముందు ప్రభుత్వ సాయం మీద ఉన్నవాళ్లు, తక్కువ ఆదాయం వాళ్లు, చదవడం రాయడంలో వెనకబడ్డవాళ్లు. మా ఆయన జీతం చూస్తే నేను ఎక్కడో వెనక. కాబట్టి నిజం చెప్పాలంటే, ముందే వెళ్లినా నాకు ఫీజు వచ్చేది కాదేమో. కానీ రెజ్యూమె దిద్దడం, ఇంటర్వ్యూ వర్క్‌షాపులు, ఉద్యోగం వెతకడంలో సాయం, ఇవి అక్కడ పైసా తీసుకోకుండా చేస్తారు. అన్న దగ్గర అదే "ప్రీమియం ప్యాకేజీ", 600 డాలర్లు ఎక్స్‌ట్రా. నేను తీసుకోలేదు, దేవుడి దయ.

బయటికొచ్చి కారులో కూర్చుని ఫోన్ చేశాను. మూడుసార్లు ఎత్తలేదు. నాలుగోసారి నా నంబర్ కనపడకుండా పెట్టి చేస్తే ఒక్క రింగ్‌కే ఎత్తాడు. "చెప్పండమ్మా చెప్పండి, డెమో కోసమా?" ఎంత తియ్యగానో. నేనే అన్నా, అని పేరు చెప్పాను. గొంతు అక్కడికక్కడే మారిపోయింది. ఇన్నాళ్లూ చెల్లెమ్మా అన్న మనిషి "ఆఁ, చెప్పండి మేడం" అన్నాడు.

జరిగింది చెప్పాను. "ఎలిజిబుల్ అయితే వస్తుందనే చెప్పాం మేడం. మీరు ఎలిజిబుల్ కాకపోతే మేమేం చేస్తాం? చదువుకున్నారు కదా, టర్మ్స్ చూసుకోవాలి." జాబితాలో మీ ఇన్‌స్టిట్యూటే లేదు కదన్నా, అన్నాను. కాసేపు మాట లేదు. "ఒక్క నిమిషం లైన్‌లో ఉండండి" అని ఫోన్ పక్కన పెట్టాడు. మ్యూట్ నొక్కడం మర్చిపోయాడు.

విన్నది విన్నట్టే రాస్తున్నాను. "ఇంకో రీఫండ్ కేసురా. ఈ హెచ్4 ఆంటీలు రెండు రోజులు ఏడ్చి వాళ్లే సైలెంట్ అయిపోతారు. మొగుడికి చెప్పుకోలేరు కదా." నవ్వులు. కుర్చీ జరిపిన చప్పుడు. మైక్రోవేవ్ మూడుసార్లు కూసింది. "అన్నా, పప్పు వేడెక్కింది, రా" అని ఎవరో పిలిచారు. నేను స్టీరింగ్ పట్టుకుని ఇదంతా వింటున్నాను. అవతల నా 171 గంటలకి పప్పు వేడెక్కుతోంది.

నాకు 33 ఏళ్లు, ఆంటీ సంగతి వదిలేయండి. "మొగుడికి చెప్పుకోలేరు" అన్నది గుచ్చుకుంది. ఎందుకంటే అప్పటికి మా ఆయనకి నిజంగానే చెప్పలేదు. డబ్బు వెనక్కి వచ్చాక చూపించి గొప్పగా చెబుదామనుకున్నాను. నా సంగతి వాడు ఎంత బాగా చదివాడో.

మళ్లీ లైన్‌లోకి వచ్చి "మేనేజ్‌మెంట్‌తో మాట్లాడి చెప్తాను మేడం" అన్నాడు. మేనేజ్‌మెంట్ అంటే పప్పన్నం పిలుపు పిలిచినవాడు కాబోలు. నేను విన్నానన్నా, అన్నాను. "ఏం విన్నారు?" వాడి మాటలు వాడికే అప్పజెప్పాను. అప్పుడొచ్చింది లాయర్ మాట. నాకు తిట్లు రాక కాదు, తెనాలి దాన్ని. ఆ క్షణంలో ఒక్కటీ నోట్లోకి రాలేదు. ఇంటికొచ్చి గిన్నెలు తోముతుంటే వరసగా గుర్తొచ్చాయి. ఏం లాభం, స్కాచ్‌బ్రైట్ విన్నది.

ఆ రాత్రి మా ఆయనకి చెప్పేశాను. తిట్టలేదు, తిట్టినా బాగుండేది. ఆయన చెప్పిన ఒక లెక్క మాత్రం అప్పటి నుంచి బుర్రలో తిరుగుతోంది. హెచ్1 పిటిషన్‌తో పాటు కంపెనీ కట్టే ఫీజుల్లో 1,500 డాలర్లది ఒకటుంది, 25 మంది వరకు ఉద్యోగులున్న కంపెనీకి 750. 1998లో చేసిన చట్టం వల్ల వచ్చింది. అందులో సగం లేబర్ డిపార్ట్‌మెంట్ ట్రైనింగ్ గ్రాంట్లకే పోతుందట, ఇక్కడివాళ్లకి ఆ పనులు నేర్పడానికి. అంటే మనవాళ్ల వీసాల మీద వసూలైన డబ్బుతో ఎక్కడో నిజం ట్రైనింగులు నడుస్తున్నాయి. ఇక్కడ మన అన్న గవర్నమెంటు ట్రైనింగ్ పేరు చెప్పి ఆ వీసాల వెంట వచ్చిన ఆడవాళ్ల దగ్గర రెండో విడత వసూలు చేసుకుంటున్నాడు.

బ్యాంకుకి ఫోన్ చేస్తే "మీరే స్వయంగా పంపారు కదా" అన్నారు. నిజమే, నేనే పంపాను. ఎఫ్‌టీసీకి (వినియోగదారుల మోసాలు చూసే ఫెడరల్ సంస్థ), రాష్ట్ర అటార్నీ జనరల్ ఆఫీసుకి ఫిర్యాదులు పెట్టాను, చూడాలి.

ఏం చేయాలంటారా, పెద్దగా ఏం లేదు. డబ్బు కట్టకముందు, మళ్లీ చెప్తున్నా కట్టకముందు, జాబ్ సెంటర్‌కి వెళ్లండి. కెరీర్ వన్‌స్టాప్ సైట్‌లో జిప్ కోడ్ కొడితే దగ్గర్లోది ఎక్కడో చూపిస్తుంది. రాష్ట్రం ఆమోదించిన జాబితాలో ఆ స్కూల్ పేరు, ఆ కోర్సు పేరు రెండూ ఉన్నాయో లేదో వాళ్లనే చూడమనండి. టెక్సాస్‌లో ఇలాంటి కెరీర్ స్కూళ్లు చాలా వాటికి వర్క్‌ఫోర్స్ కమిషన్ లైసెన్సు ఉండాలి, అదీ అడగండి. జెల్‌లో కట్టొద్దు. మీ ఆయనకి చెప్పండి.

ఇదంతా ఈ అర్ధరాత్రి కూర్చుని రాయడానికి కారణం ఇంకోటుంది. సాయంత్రం కిట్టీ గ్రూపులో అన్న కొత్త ఫ్లయర్ పడింది. ఈసారి వియోవా లేదు, "పెల్ గ్రాంట్, హెచ్4 వారికి కూడా" అని ఉంది. పెల్ అంటే తక్కువ ఆదాయం ఉన్న విద్యార్థులకి ఫెడరల్ గవర్నమెంటు ఇచ్చే, తిరిగి కట్టక్కర్లేని చదువు సాయం. 2025 జూలైలో ట్రంప్ సంతకం చేసిన పెద్ద బిల్లులో 8 వారాల నుంచి 15 వారాల లోపు కోర్సులకి కూడా పెల్ ఇచ్చే ఏర్పాటు పెట్టారు, 2026 జూలై 1 నుంచి. కొత్త చట్టం వస్తే అన్నకి కొత్త ఫ్లయర్. పెల్ సిటిజన్లకి, గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకి, ఇంకా కొద్దిమందికే. హెచ్4కి రాదు. కోర్సుకి రాష్ట్రం ఆమోదం కావాలి, చేరినవాళ్లలో కనీసం 70 శాతం మంది పూర్తి చేయాలి, 70 శాతం మందికి ఉద్యోగాలు రావాలి. 2021 రికార్డింగులకి ఇస్తారా ఎవరైనా?

ఫ్లయర్ కింద "5 సీట్లే మిగిలాయి, ఆఖరు తేదీ ఈ సోమవారం" అని ఉంది. నేను చేరినప్పుడూ ఐదే మిగిలాయి. అప్పటికే గ్రూపులో ఇద్దరు చెల్లెళ్లు "ఇంట్రెస్టెడ్" అని పెట్టారు. వాళ్లెవరైనా ఇది చదువుతుంటే నాకు మెసేజ్ చేయండి, నా రసీదు ఫొటో పంపిస్తాను.